కొత్తవాళ్ళకి ఏది మంచిది?

పోయిన నెలలో ఒక రాత్రి నా స్నేహితురాలు తన ఫోన్ నా ముందు పెట్టి రెండు బొమ్మలు చూపించింది. "ఈ రెండిట్లో ఏది తీసుకోమంటావ్? నువ్వు ప్లస్ టూలో సైన్స్ చదివావు కదా, వాట్లూ ఓమ్‌లూ నీకే తెలుస్తాయి" అంది. రెండూ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి. ఒకటి గులాబీ రంగు, ఒకటి నలుపు. ఒక్కోదానికి చిన్న తెర, దాని మీద ఒక అంకె. కింద "కొత్తవాళ్ళకి అనువైనది" అని రాసుంది. అవి వేప్‌లు. మన దగ్గర ఆ పేరు గట్టిగా అనరు, "వేపపుల్ల" అంటారు. పళ్ళు తోముకునే వేపపుల్లకీ దీనికీ పేరులో తప్ప ఇంకెక్కడా చుట్టరికం లేదు.

ఆ అమ్మాయి పేరు చెప్పను. కనిపెట్టాలని కూడా చూడకండి. ఆమె ఒప్పుకున్న తరవాతే ఇది రాస్తున్నా. నా సంగతి మాత్రం దాచను. అంతకు ముందు ఒక పెళ్ళిలో, మేడ మీద, ఎవరో ఇస్తే మేమిద్దరం చెరో రెండు దమ్ములు లాగాం. మామిడిపండు వాసన. దగ్గు రాలేదు, కళ్ళు మండలేదు. "ఇంతేనా?" అనుకున్నా. ఆ "ఇంతేనా" దగ్గరికి మళ్ళీ వస్తాను.

అడిగింది కదా అని ఒక వారం కూర్చుని చదివాను. చదివితే తెలిసిందేమిటంటే, ఆ డబ్బాలో పెద్ద మర్మమేమీ లేదు. ఒక బ్యాటరీ, ఒక సన్నటి తీగచుట్ట, దాని మధ్యలో దూది, దూదిని తడిపే ద్రవం. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, వాసన కోసం కలిపేవి, నికోటిన్. తీగ వేడెక్కితే దూదిలోని ద్రవం సన్నటి తుంపరై నోట్లోకి వస్తుంది. ఇక్కడ ఏదీ కాలదు కాబట్టి అది పొగ కాదు. అలాగని మనం జలుబుకి పట్టే ఆవిరి లాంటిదీ కాదు.

వాట్ల సంగతి మన హాస్టల్లో వార్డెన్ గారికి తెలియకుండా వాడే ఇమ్మర్షన్ హీటర్ లాంటిదే. ఎక్కువ వాట్లైతే ఎక్కువ వేడి. ప్లస్ టూలో చదువుకున్న సూత్రమే: వోల్టేజిని వోల్టేజితో గుణించి, నిరోధంతో భాగిస్తే వాట్లొస్తాయి. 3.7 వోల్టుల బ్యాటరీకి 1.2 ఓమ్‌ల తీగ తగిలిస్తే దాదాపు 11 వాట్లు. అదే బ్యాటరీకి 0.5 ఓమ్ తీగైతే 27 వాట్లు దాటుతుంది. పాతవాటిలో అంతటితో సరి. ఇప్పుడు బొత్తాం నొక్కి వాట్లు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పెంచితే ఒక్క దమ్ములో తుంపర ఎక్కువొస్తుంది, దాంతో నికోటినూ ఎక్కువొస్తుంది, ద్రవమూ తొందరగా అయిపోతుంది. తీగ తట్టుకునేదాని కన్నా పెంచితే దూది ఎండి మాడుతుంది. అంత వేడికి ద్రవంలోంచి ఫార్మాల్డిహైడ్, ఆక్రొలీన్ లాంటి విషాలు పుడతాయి. కాబట్టి కొత్తవాళ్ళకిచ్చే సలహా ఎక్కడ చూసినా ఒకటే: ఓమ్‌లు ఎక్కువున్న తీగ, తక్కువ వాట్లు, చిన్న పరికరం.

ఈ లెక్కన పరీక్షలో అడిగితే జవాబు నల్లది. గులాబీ దాని కనీస వాట్లే ఎక్కువ. కానీ ఆ జవాబు ఆమెకి చెప్పలేదు. ఎందుకంటే చదువుతూ పోతే, ఆ "కొత్తవాళ్ళు" అన్న మాట మొదట ఎవరికోసం వచ్చిందో తెలిసింది.

ఇప్పటి వేప్‌కి మూలమైన పరికరాన్ని 2003లో తయారుచేసింది హాన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. ఆయనా సిగరెట్లు తాగేవాడే, మానలేక ఈ దారి వెతికాడు. తరవాత ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో, సిగరెట్‌తో పోలిస్తే వేప్ హాని దాదాపు 95 శాతం తక్కువ అని చెప్పింది. ఆ అంకె మీద డాక్టర్లే వాదించుకున్నారు గానీ, సిగరెట్ కన్నా హాని తక్కువన్న మాట మీద అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఇప్పటికీ నిలబడే ఉంది. సిగరెట్ మానాలనుకునే పెద్దవాళ్ళకి దాన్ని ఒక సాధనంగా చూపిస్తుంది. అదే నోటితో ఇంకో మాట కూడా అంటుంది: సిగరెట్ తాగనివాళ్ళు దీన్ని మొదలుపెట్టొద్దని. మన దగ్గర తిరిగే వీడియోల్లో మొదటి మాటే వినిపిస్తుంది, రెండోది ఎవరూ వినిపించరు.

అంటే అక్కడ "కొత్తవాళ్ళు" అంటే ఇరవై ఏళ్ళుగా రోజుకో పెట్టె కాల్చి, మానలేక, ఈ పరికరానికి కొత్తగా వచ్చినవాళ్ళు. వేప్‌కి కొత్త, నికోటిన్‌కి పాత. వాళ్ళకి చిన్నదీ, వాట్లు తగ్గించుకునేదీ మంచిదంటే అర్థముంది. కాలు విరిగినవాడు చేతికర్ర ఎంత పొడవుండాలో చూసి తీసుకోవాల్సిందే. నా స్నేహితురాలికి రెండు కాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. ఆమె జీవితంలో ఒక్క సిగరెట్ కాల్చలేదు. ఆమెకి ఏ చేతికర్ర మంచిదని నేను చెప్పాలి?

ఇక ఆ "ఇంతేనా" సంగతి. మొదటిసారి సిగరెట్ లాగినవాళ్ళకి దగ్గొస్తుంది. చాలామంది ఆ దగ్గుతోనే ఆగిపోతారు. అది ఒంట్లో ఉన్న కాపలా. వేప్ ద్రవంలో నికోటిన్‌కి బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి లవణంగా మారిస్తే, నికోటిన్ ఎక్కువున్నా గొంతు మండదు. 2015లో అమెరికాలో వచ్చిన జూల్ అనే పరికరం ఈ పద్ధతితోనే, 5 శాతం నికోటిన్‌తో బజారంతా ఆక్రమించింది. చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాగే ఉండేది. అక్కడి హైస్కూలు పిల్లల్లో వేప్ వాడేవాళ్ళు 2017లో 11.7 శాతం ఉంటే, 2018లో 20.8 శాతం అయ్యారు. ఒక్క ఏడాదిలో. ఆ డిసెంబరులో అమెరికా సర్జన్ జనరల్ దీన్ని పిల్లల్లో అంటువ్యాధిలా వ్యాపిస్తోందని ప్రకటించారు. తరవాతి సంవత్సరాల్లో ఆ అంకె బాగా తగ్గింది, ఆ మాటా చెప్పాలి. కానీ మొదలుపెట్టిన పిల్లల్లో ఎక్కువమంది సిగరెట్ మానడానికి వచ్చినవాళ్ళు కారు. మాలాగే ఏ పెళ్ళిలోనో, ఏ మేడ మీదో, "ఇంతేనా" అనుకున్నవాళ్ళు.

దగ్గు రాకపోవడం మంచి లక్షణమని నేను అనుకున్నా. అది కాపలావాణ్ణి నిద్రపుచ్చి లోపలికి రావడమని ఇప్పుడనిపిస్తోంది.

నా స్నేహితురాలు ఒక మాట అంది: "నాకు సెమిస్టర్ టెన్షన్ పోతుందే, అంతే. రోజూ లాగుతానా ఏంటి?" ఆమె అబద్ధం చెప్పట్లేదు. దమ్ము లాగితే తేలిగ్గా అనిపిస్తుంది. కానీ అలవాటయ్యాక నికోటిన్ తగ్గే కొద్దీ చిరాకు, ఏకాగ్రత లేకపోవడం మొదలవుతాయి. మళ్ళీ లాగితే అవి పోతాయి. తను తెచ్చిన తలనొప్పికి తనే మాత్ర ఇవ్వడమన్నమాట. మన వయసులో మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుందనీ, దాదాపు పాతికేళ్ళ దాకా ఆ పని సాగుతుందనీ, అందుకే చిన్నప్పుడు పట్టిన నికోటిన్ గట్టిగా పడుతుందనీ డాక్టర్లు చెప్తారు. పైగా డబ్బు ఒక్కసారితో అయిపోదు. తీగచుట్ట మాడిపోతుంది, మళ్ళీ కొనాలి. ద్రవం అయిపోతుంది, మళ్ళీ కొనాలి. పరికరం చవగ్గా వస్తుంది, దాని మేత ఖరీదు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఈ-సిగరెట్లని నిషేధిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, అన్నీ నేరాలే. మొదటిసారైతే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సరుకు నిలవ ఉంచితే ఆరు నెలల దాకా జైలు, లేదా యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. "అందరి దగ్గరా ఉంది, ఎవరు పట్టుకున్నారు?" అంటారు. పట్టుకోవడం సంగతి అలా ఉంచండి. దొంగచాటుగా వచ్చే సరుకుని ఎవరు పరీక్షిస్తారు? బ్రిటన్‌లో ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని నియమముంది, చూసే అధికారులున్నారు. ఇక్కడ పెట్టె మీద 20 అని రాసుంటే, లోపల 20 ఉందో 50 ఉందో చెప్పే దిక్కు లేదు. అక్కడ పనికొచ్చే "ఏది మంచిది" సలహా ఇక్కడికొచ్చేసరికి చెల్లదు. మనం వాట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవచ్చు, ఆ వాట్లు దేన్ని వేడి చేస్తున్నాయో మనకి తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో 2019లో అమెరికాలోనే చూశారు. వేప్ లాగినవాళ్ళు ఉన్నట్టుండి ఊపిరాడక ఆస్పత్రుల్లో చేరారు. 2020 ఫిబ్రవరి నాటికి చేరినవాళ్ళు 2,807 మంది, చనిపోయినవాళ్ళు 68 మంది. చాలావరకు కారణం మామూలు వేప్ ద్రవం కాదని తరవాత తేలింది. గంజాయి సారం ఉన్న ద్రవాల్లో చిక్కదనం కోసం విటమిన్ ఇ అసిటేట్ అనే నూనె కలిపారు. మన దగ్గర కొందరు ఈ సగం ముక్క విడిచిపెట్టి "వేప్ లాగితే చచ్చిపోతారు" అని భయపెడతారు. అలా చెప్తే, లాగి చావకుండా తిరిగొచ్చిన అమ్మాయి ఇంకెప్పుడూ వాళ్ళ మాట నమ్మదు. ఉన్నదున్నట్టు చెప్తేనే ఎక్కువ భయం వేస్తుంది: కొన్నవాళ్ళలో ఎవరికీ లోపల ఏముందో తెలియలేదు.

"కిళ్ళీ కొట్టులో సిగరెట్ దొరుకుతుంది, బీడీ దొరుకుతుంది. వాటికన్నా తక్కువ హాని చేసేదాన్ని మాత్రం నిషేధిస్తారా?" అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. సిగరెట్ మానలేక అవస్థపడే పెద్దవాళ్ళ వైపు నుంచి చూస్తే నాకూ ఈ చట్టం పూర్తిగా సబబనిపించదు. కానీ చట్టంలో లోపముందని నా స్నేహితురాలి ఫోన్లో ఉన్న డబ్బా మంచిదైపోదు కదా.

ఇప్పుడు మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. మాది బరంపురమే అయినా అమ్మమ్మది గోపాలపురం సముద్రం పక్క పల్లె. అక్కడ ఆడవాళ్ళు చుట్ట కాలుస్తారు. అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. శ్రీకాకుళం, విశాఖ తీరం దాకా ఈ అలవాటు ఉన్నదే. గాలికి నిప్పు ఆరదు, బూడిద చంటిపిల్ల మీద పడదు, చుట్ట ఎక్కువసేపొస్తుందని అమ్మమ్మ చెప్పేది. ఆమె మొదలుపెట్టింది పెళ్ళైన కొత్తలో, నా కన్నా చిన్న వయసులో. "పన్నుపోటొస్తే మా అత్త సిన్న ముక్క సుట్ట ఇచ్చిందే. కొత్తదానివి, సిన్నదే కాల్చు అంది" అని నవ్వేది. చూశారా, ఆ కాలంలో కూడా కొత్తవాళ్ళకి చిన్నదే.

నాలుగేళ్ళ కిందట అమ్మమ్మ కారం తినలేనంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. టార్చి వేసి నాకూ చూపించారు. అంగిలంతా తెల్లగా మందమై, మధ్యలో ఎర్ర చుక్కలు. అడ్డపొగ తాగే ఆడవాళ్ళలో అంగిలి క్యాన్సర్ ఎక్కువని మన తీరం మీద దశాబ్దాల కిందటే డాక్టర్లు రాసి పెట్టారట. ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా పది రోజులు మా అమ్మ సరిగా అన్నం తినలేదు. క్యాన్సర్ కాదని తేలింది. అమ్మమ్మ చుట్ట మానేసింది. మేమంతా సంతోషించాం. ఆర్నెల్లకి చూస్తే పొద్దున్నే గుడాకు డబ్బా తీసి చిగుళ్ళకి రాస్తోంది. పక్కింటావిడ "సుట్ట కన్నా ఇదే నయం" అందట. పొగాకు అదే, డబ్బా మారింది. "మానలేకపోతున్నానే అమ్మా" అని ఒక్కసారే అంది నాతో. యాభై ఏళ్ళ కిందట ఒక చిన్న చుట్టముక్కతో మొదలైంది ఇదంతా.

ఒక రోజు వేప్ గురించి అమ్మమ్మకి చెప్తే, "వేపా? మంచిదే కదే, పళ్ళకి" అంది. పొగ రాదు, వాసన బాగుంటుంది, చిన్నగా ఉంటుందని వివరించాను. కొంచెంసేపు ఆలోచించి "దగ్గు రాదా?" అనడిగింది. రాదన్నాను. "అయితే మరి ఎలా మానతారే?" అంది. నేను వారం రోజులు చదివి తెలుసుకున్నది ఆమె ఒక్క ప్రశ్నలో అడిగేసింది.

అమ్మమ్మ గురించి రాయడానికి ఇంకో కారణముంది. ఆ పల్లెలో చుట్ట కాల్చిన ఆడదాన్ని ఎవరూ చెడ్డది అనలేదు. ఇక్కడ ఒక అమ్మాయి సంచిలో వేప్ దొరికితే ముందు మాట్లాడేది ఊపిరితిత్తుల గురించి కాదు, పెంపకం గురించి. అదే డబ్బా ఆమె అన్నయ్య జేబులో దొరికితే "వయసు అలాంటిది" అంటారు. నికోటిన్‌కి అబ్బాయి, అమ్మాయి తేడా తెలియదు. నేను వద్దంటున్నది అమ్మాయి చెయ్యకూడదని కాదు. అన్నయ్యకీ వద్దనే అంటాను.

అందుకని మేడమ్స్‌కి ఒక విన్నపం. కోప్పడకుండా చదవండి. "దొరికితే టీసీ, ఇంటికి ఫోన్" అని చెప్పే చోట, అలవాటు పడి మానాలనుకునే అమ్మాయి ఎవరి దగ్గరికీ రాదు. ఆమె బాత్రూంలోకి వెళ్తుంది, ఇంకా చిన్న పరికరం, ఇంకా వాసన రానిది వెతుక్కుంటుంది. "దాచుకోడానికి వీలైనది" అన్నదే మా దగ్గర మొదటి అర్హత అయిపోతుంది. సంచులు వెతకడం కన్నా, ఏడాదికి ఒక్కరోజు ఒక డాక్టరు గారిని పిలిపించి, పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు అడగనివ్వండి. ఎన్ని చీటీలొస్తాయో చూద్దురు గాని.

ఇప్పటికే లాగుతున్నవాళ్ళకి కూడా ఒక మాట. సిగరెట్ పెట్టెల మీద 2018 నుంచి ఒక నంబరు అచ్చేస్తున్నారు: 1800-11-2356. డబ్బులు పడవు. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ లైను. ఆ నంబరు కనిపించేది సిగరెట్ పెట్టె మీద. వేప్ డబ్బా మీద ఉండదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. నికోటిన్ గమ్ మందుల షాపులో దొరుకుతుంది, కానీ డాక్టరుని అడిగి వాడండి. ఇవన్నీ ఎందుకులే అనిపిస్తే, నమ్మకమున్న ఒక్క మనిషికి చెప్పండి.

నా స్నేహితురాలికి నేనేం చెప్పానో చెప్పి ముగిస్తా. నల్లదా గులాబీదా అన్నదానికి జవాబివ్వలేదు. "ఇది సిగరెట్ మానేవాళ్ళది. నువ్వు ఏం మానదామని కొంటున్నావ్?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "నువ్వు నాకు అమ్మలా మాట్లాడుతున్నావ్" అని విసుక్కుంది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు కూడా. మూడో రోజు మెస్‌లో పక్కన కూర్చుని "మీ అమ్మమ్మకి ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది.

ఇంకా కొనలేదు. ఆ బొమ్మలు ఫోన్లోంచి తీసేయలేదని కూడా తనే చెప్పింది. ఈ వ్యాసం చదివి తీసేస్తుందని నేను అనుకోవట్లేదు. కానీ ఈసారి ఎవరైనా మిమ్మల్ని "కొత్తవాళ్ళకి ఏది మంచిది?" అని అడిగితే, వాట్లు చూసే ముందు అడిగినవాళ్ళ ముఖం చూడండి. ఇంకా మొదలే పెట్టకపోయుంటే, మంచిది వాళ్ళ దగ్గర ఇప్పటికే ఉంది.